డాక్టరమ్మ జవాబులు: మందు లేని రోజుల్లో క్షయతో ఎలా వేగారు?

పోయిన నెల ఈ శీర్షికలో టీబీ గురించి రాస్తూ "మా తాతల కాలంలో దీనికి మందే లేదు" అన్నాను. ఆ ఒక్క మాట పట్టుకుని చాలా ఉత్తరాలొచ్చాయి. మందు లేకపోతే మరి ఏం చేసేవారు అని. ఈ నెల పేజీ అంతా వాటికే. షుగరు, మోకాళ్ళ నొప్పులవాళ్ళు వచ్చే నెల దాకా ఓపిక పట్టండి.

ప్రశ్న: మా అబ్బకు అన్న ఒకాయన ఉండేవాడు. ఆయనకు క్షయ వచ్చి 1934లో మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం ఆస్పత్రిలో చాలా నెలలు ఉన్నాడంట. అక్కడినుంచి ఇంటికి రాసిన కార్డు ఒకటి ట్రంకుపెట్టెలో దొరికింది. "తూకం నాలుగు పౌండ్లు పెరిగినాను. జ్వరం లేదు. గేటు దాకా నడవనిస్తున్నారు. వారానికొకసారి పక్కలో సూది వేస్తున్నారు" అని ఉంది. మందు లేదని మీరు రాశారు. మరి ఆ సూది ఏమిటి? అదే పెట్టెలో మూత ఉన్న చిన్న గిన్నె కూడా ఉంది. మా అవ్వ బతికినన్నాళ్ళూ దాన్ని ఎవరినీ ముట్టుకోనియ్యలేదు.
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: ఆ సూదిలో మందు లేదమ్మా, గాలి ఉంది. ఉత్త గాలి.

ఆర్టిఫిషియల్ న్యూమోథొరాక్స్ అని దాని పేరు. డాక్టర్లు పొట్టిగా ఏ.పీ. అనేవారు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఇటలీలో కార్లో ఫోర్లనినీ అనే డాక్టరు మొదలుపెట్టాడు. పక్కటెముకల సందులోంచి సూది దించి, ఊపిరితిత్తికీ ఛాతీ గోడకూ మధ్యనున్న పొరల్లోకి కొలిచి గాలి పంపుతారు. ఊపిరితిత్తి ముడుచుకుంటుంది. విరిగిన చేతికి కట్టు కట్టి కదలనివ్వం చూడండి, అదే ఆలోచన ఇక్కడా. జబ్బు పడిన ఊపిరితిత్తికి పని తప్పిస్తే లోపలి గుంట మూసుకుని మానుతుందని ఆశ. ఎక్కించిన గాలి కొన్నాళ్ళకు ఒంట్లోనే ఇంకిపోతుంది కాబట్టి వారానికో రెండు వారాలకో మళ్ళీ సూది తప్పదు. కొందరికి ఇది ఏళ్ళ తరబడి సాగేది. ఆ కాలంలో, ఆ చోట, "వారానికొకసారి పక్కలో సూది" అంటే నాకు తోచేది ఇదే.

దీనికీ లొంగకపోతే ఆపరేషనే. పక్కటెముకలు కొన్ని కోసి తీసేసి, ఛాతీ గోడను లోపలికి కుంగేలా చేసేవారు. నేను కర్నూలు మెడికల్ కాలేజీలో చదివే రోజుల్లో, 1970లలో, ఓపీకి ఒక ముసలాయన వచ్చాడు. చొక్కా విప్పితే ఎడమ భుజం కింద నా పిడికిలి పట్టేంత గుంట. మా ప్రొఫెసరు విద్యార్థులందరినీ పిలిచి చూపించాడు. మేం నోళ్ళు తెరుచుకుని చూస్తుంటే ఆయన నవ్వి, "ఏడెముకలిచ్చి ముప్పై ఏండ్లు కొనుక్కున్యా తల్లీ" అన్నాడు. ఆయనకు దగ్గు కూడా లేదు, వచ్చింది కంటి చూపు కోసం.

ఇక కార్డులో మిగతా మూడు మాటలు. శానిటోరియం, అంటే క్షయ రోగులను నెలల తరబడి ఉంచే ఆస్పత్రి, చేసే వైద్యం మొత్తం ఆ మూడింట్లోనే ఉంది. తూకం, జ్వరం, నడక. రోజుకు చాలాసార్లు థర్మామీటరు పెట్టి చార్టు మీద గీస్తారు. తరచుగా తూకం వేస్తారు. జ్వరం ఉన్నన్నాళ్ళూ మంచం దిగనివ్వరు. మాట్లాడటం కూడా తగ్గించమంటారు. జ్వరం తగ్గితే వరండా దాకా, ఆ తర్వాత గేటు దాకా, ఆ తర్వాత మైలు. ఇంగ్లండులో ఫ్రిమ్లీ శానిటోరియంలో మార్కస్ పేటర్సన్ అనే డాక్టరు 1905 నుంచి దీన్నొక పద్ధతిగా నడిపాడు. నడక అయ్యాక బుట్టలతో మట్టి మోయించాడు, తర్వాత పార పట్టించాడు. సాయంత్రం జ్వరం చుక్క పైకి లేచిందా, మళ్ళీ మంచమే. కాబట్టి మీ పెద్దాయన "గేటు దాకా నడవనిస్తున్నారు" అని రాశాడంటే అది ఊసుపోక రాసిన మాట కాదు. పరీక్ష పాసయ్యాను అని ఇంటికి చెప్పుకోవడం.

తిండి గట్టిగా పెట్టేవారు. పాలు, గుడ్లు, నెయ్యి. కరువు జిల్లాలనుంచి పోయినవాళ్ళకు ఆ తిండి ఒక్కటే సగం వైద్యం అయ్యుంటుందని నా అనుమానం.

గిన్నె సంగతి. అది కఫం గిన్నె. జర్మనీ డాక్టరు రాబర్ట్ కోఖ్ దొర 1882 మార్చి 24న క్షయకు క్రిమి కారణమని బయటపెట్టాక, ఆ క్రిమి కఫంలో ఉంటుందని తేలాక, ప్రపంచమంతా కఫం మీద పడింది. జర్మనీలో డెట్‌వైలర్ అనే డాక్టరు 1889లో జేబులో పెట్టుకునే నీలం గాజు సీసానే తయారుచేశాడు. రోగి అందులోనే ఉమ్మాలి, మూత పెట్టాలి, తర్వాత దాన్ని మరగబెట్టాలి లేదా కాల్చేయాలి. గిన్నె లేని బీదవాళ్ళు బూడిద పోసిన డబ్బాలో ఉమ్మి, దాన్ని మంటలో వేసేవారు. మీ అవ్వ దాన్ని ముట్టుకోనివ్వలేదంటే ఆమెకు ఎవరో బాగా నేర్పించారు. ఇప్పుడు భయం లేదు, తొంభై ఏళ్ళు ఏ క్రిమీ దాంట్లో కాపురం ఉండదు. కడిగి దాచుకోండి.

కానీ ఒక మెలిక ఉంది. గిన్నెనూ పళ్ళేన్నీ చూసి అంత భయపడ్డారు గానీ, క్షయ అసలు వ్యాపించేది దగ్గినప్పుడు గాలిలోకి లేచి తేలే అతి సన్నటి తుంపర్ల వల్ల. దీన్ని గట్టిగా రుజువు చేసింది 1950ల చివర్లో, అమెరికాలో బాల్టిమోర్‌లో. టీబీ వార్డులోని గాలిని గొట్టాలతో తీసుకెళ్ళి గినీ పందులకు పీల్పించారు, వాటికి జబ్బొచ్చింది. అంటే మూత గిన్నెకన్నా, రోగిని వరండాలో పడుకోబెట్టడమే ఇంట్లోవాళ్ళను ఎక్కువ కాపాడింది. చేసినవాళ్ళు మాత్రం అది రోగి మంచికోసమే అనుకున్నారు.

మీ పెద్దాయన తర్వాత ఏమయ్యాడో రాయలేదు. బెంగళూరు దగ్గరి పల్లెల్లో 1960లలో లెక్కలు కడితే, మందు అందని, కఫంలో క్రిమి కనబడిన రోగుల్లో ఐదేళ్ళలో దాదాపు సగం మంది పోయారు. దాదాపు మూడోవంతు మంది వాళ్ళంతట వాళ్ళే కోలుకున్నారు. శానిటోరియంలకు వచ్చిన మంచి పేరులో ఈ మూడోవంతు వాటా ఎంతో చెప్పలేం. పైగా జబ్బు బాగా ముదిరినవాళ్ళను అవి చాలాచోట్ల చేర్చుకునేవి కావు. అది మర్చిపోయి "ఆ రోజుల్లో గాలికే నయమయ్యేది" అనేవాళ్ళను చూస్తే నాకు చిరాకు.

ప్రశ్న: అంత పెద్ద ఆస్పత్రి మదనపల్లెకే ఎందుకు పోయింది? కడప, అనంతపురం, కర్నూలు జిల్లాల్లో ప్రభుత్వం ఏమీ చేయలేదా? ఆ కొండగాలిలో నిజంగా గుణం ఉందా?
– ఒక టీచరు, అనంతపురం

జవాబు: మాస్టారూ, మదనపల్లె కూడా ఒకప్పుడు కడప జిల్లానే. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడ్డప్పుడు మదనపల్లె, వాయల్పాడు తాలూకాలను అటు కలిపారు. కాబట్టి ఊరు ఎటూ పోలేదు, జిల్లా సరిహద్దే జరిగింది.

మదనపల్లెలో అమెరికన్ ఆర్కాట్ మిషన్ తరఫున డాక్టర్ లూయిసా హార్ట్ పనిచేసేది. అక్కడ 1912 ప్రాంతంలో చిన్నగా మొదలైన పనే 1915 నాటికి ఊరి బయట యూనియన్ మిషన్ శానిటోరియంగా నిలబడింది. అదే ఆరోగ్యవరం. "యూనియన్" అంటే పలు మిషన్లు కలిసి ఖర్చు పంచుకున్నాయని. దాన్ని పెంచి పెద్దచేసింది డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్. సముద్రమట్టానికి రెండు వేల అడుగుల పైన ఉన్న చోటు, పొడి గాలి, ఎండాకాలం కూడా రాత్రిపూట కొంచెం చల్లదనం. ఇంకో సౌకర్యం రైలు. ధర్మవరం నుంచి కదిరి మీదుగా పాకాలకు మీటర్‌గేజి లైను 1890లలోనే వచ్చింది. అనంతపురం రోగి ధర్మవరంలో బండి మారి మదనపల్లె రోడ్డు స్టేషన్లో దిగితే, అక్కడినుంచి ఎద్దులబండి. కడపవాళ్ళు నేలదారిన వస్తే గువ్వలచెరువు ఘాటు ఎక్కి రాయచోటి మీదుగా. ఊపిరి ఆడని మనిషికి ఆ ఘాటు ప్రయాణం ఎలా ఉండేదో నేను ఊహించదలచుకోలేదు.

ప్రభుత్వం సంగతికొస్తే, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అధికారులకు ప్లేగు, కలరా, మశూచి మీద ఉన్న కంగారు క్షయ మీద లేదు. ప్లేగు వారంలో ఊరిని ఖాళీ చేయిస్తుంది. క్షయ ఇంటికొకరిని, ఏళ్ళ మీద, చప్పుడు లేకుండా తీసుకుపోతుంది. 1914 తర్వాత ఆర్థర్ లాంకెస్టర్ అనే మిషన్ డాక్టరు చేత దేశమంతా విచారణ చేయించారు. ఇరుకు నగరాల్లో జబ్బు పెరుగుతోందని, పరదాలో, గాలి ఆడని గదుల్లో బతికే ఆడవాళ్ళు ఎక్కువగా బలవుతున్నారని ఆయన తేల్చాడు. మన మిద్దెలు తలుచుకోండి. మందపాటి గోడలు, మట్టి కప్పు, వెలుతురుకు నడినెత్తిన ఒక్క గవాచి. బాలింతను ఆ గదిలోనే తలుపు మూసి పడుకోబెట్టేవారు. ఇంటి పెద్దకు దగ్గుంటే ఆ గాలి పీల్చేది ముందు ఆమె, ఆమె ఒళ్ళో బిడ్డ.

చందాలు పోగుచేసి నిధి పెట్టడం, దేశమంతటికీ ఒక సంఘం ఉండటం ఇవన్నీ చాలా ఆలస్యంగా జరిగాయి. టీబీ అసోసియేషన్ ఆఫ్ ఇండియా పుట్టింది 1939లో. ఆరోగ్యవరం మోలర్‌గారినే దానికి మెడికల్ కమిషనర్‌గా తీసుకున్నారు. దేశంలో మంచాలు ఎన్నటికీ చాలవని తెలిసి, ఇంటి దగ్గరే రోగిని కనిపెట్టి చూసుకునే పద్ధతిని 1940లో ఢిల్లీలో మొదలుపెట్టారు. నర్సు ఇంటికెళ్ళి కిటికీ తీయించడం, రోగికి విడి మంచం వేయించడం, ఇంట్లో ఇంకెవరు దగ్గుతున్నారో అడగడం. నన్నడిగితే, మందు రాకముందు జరిగిన పనుల్లో ఇదే అన్నిటికన్నా తెలివైన పని. కొండల మీది భవనాలకు వచ్చిన పేరు ఈ నర్సులకు రాలేదు.

కొండగాలికి గుణం ఎంత ఉందో ఆ తర్వాత మద్రాసులో తేల్చారు. ఆ మాట చివరి ప్రశ్నలో చెబుతాను.

ప్రశ్న: మేం బడిలో చదివేటప్పుడు ప్రతి ఏడూ టీబీ సీళ్ళు అమ్మించేవారు. పైసలు చాలక నేనే కొన్ని కొనుక్కున్నాను. ఆ డబ్బు నిజంగా రోగులకు చేరేదా? అసలు ఈ ఆలోచన ఎవరిది? రోడ్డు మీద ఉమ్మకూడదని మాకు అప్పుడే చెప్పారు, ఇప్పటికీ ఎవరూ వినడం లేదు.
– రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, నంద్యాల

జవాబు: ఆలోచన ఒక పోస్టాఫీసు గుమాస్తాది. డెన్మార్క్‌లో ఐనార్ హోల్బెల్ అనే ఆయన క్రిస్మస్ ఉత్తరాల గుట్టలు సర్దుతూ, ఒక్కో కవరు మీద ఇంకో చిన్న బిళ్ళ అంటిస్తే క్షయ పిల్లలకు ఆస్పత్రి కట్టొచ్చు కదా అనుకున్నాడు. 1904లో మొదటి సీళ్ళు వచ్చాయి. మూడేళ్ళకు అమెరికాలో డెలావేర్ రాష్ట్రంలో ఎమిలీ బిస్సెల్ అనే ఆవిడ, మూతపడబోతున్న చిన్న శానిటోరియం కోసం ఒక్కో సెంటుకు సీళ్ళు అమ్మింది. మూడొందల డాలర్లు కావాల్సి ఉంటే మూడు వేలు వచ్చాయి. మన దేశంలో సీళ్ళ ఉద్యమం 1950లో మొదలైంది. ఈ సీలు మీద తపాలా శాఖకు పైసా రాదు, ఉత్తరం కదలాలంటే స్టాంపు వేరుగా అంటించాల్సిందే.

డబ్బుకన్నా సీలు చేసిన మేలు వేరే ఉంది. పెళ్ళి సంబంధం తప్పిపోతుందని ఇంట్లో గుసగుసగా చెప్పుకునే జబ్బు పేరును పదేళ్ళ పిల్లవాడు వీధివీధీ తిరిగి గట్టిగా పలికాడు. మీరు పలికారు.

ఉమ్మే విషయంలో అమెరికాలో కాన్సాస్ రాష్ట్ర ఆరోగ్య అధికారి శామ్యూల్ క్రంబైన్‌ను మించినవాడు లేడు. "కాలిబాట మీద ఉమ్మకండి" అని ఇటుకల మీదే అచ్చు పోయించి బాటలకు పరిపించాడు. రైళ్ళలో, స్కూళ్ళలో అందరూ ఒకే గ్లాసుతో నీళ్ళు తాగడాన్ని 1909లో నిషేధించింది కూడా ఆయన రాష్ట్రమే. మనకు బేతంచెర్లలో నాపరాళ్ళకేం కొదవ? చెక్కించి పరిస్తే దాని మీదే గుట్కా ఉమ్మేసి పోతారని నా భయం. వైద్యం దృష్టితో చూస్తే మాత్రం, ఎండలో ఎండిన రోడ్డు మీది ఉమ్మికన్నా మూసిన గదిలో, కిక్కిరిసిన బస్సులో దగ్గే మనిషి వల్లే ముప్పు ఎక్కువ. ఉమ్మడం మానాలి, దగ్గేటప్పుడు తువ్వాలు అడ్డం పెట్టుకోవడం అంతకన్నా ముందు నేర్చుకోవాలి.

ప్రశ్న: మేకల మధ్య పడుకుంటే, మేకపాలు తాగితే క్షయ పోతుందని మా పెద్దలు అంటారు. నిజమేనా?
– ఆదోని

జవాబు: మాట పాతదే. మేక మాంసం తిని, మేకపాలు తాగి, మేకల మధ్య పడుకుంటే రాజయక్ష్మ, అంటే క్షయ, పోతుందని ఆయుర్వేద శ్లోకమే ఉంది. మాంసం, పాలు బలమే కాబట్టి కొందరు కోలుకునే ఉంటారు. మేకల మందతో పడుకోవడం అంటే ఆరుబయట పడుకోవడమే, ఇంట్లోవాళ్ళకు అది మంచిదే. క్రిమి మాత్రం పోదు. పాలు తాగండి, కాచి తాగండి. పచ్చిపాలతో వచ్చే క్షయ ఇంకొకటి ఉంది.

ప్రశ్న: మా ఆయన మగ్గం నేస్తాడు. నెల రోజులుగా దగ్గు, సాయంత్రమైతే సన్నజ్వరం. కఫం పరీక్ష చేసి టీబీ అన్నారు. మందులు ఇచ్చారు, పది రోజులైంది. మా అత్త ఆయన కంచం, చెంబు వేరుగా పెట్టింది, పిల్లలను దగ్గరికి పోనివ్వదు. దూరంగా పెద్దాస్పత్రిలో చేర్పించి, నయమైనాకే ఇంటికి తీసుకురమ్మంటుంది. మాది రెండు గదుల ఇల్లు, ఒకదాన్నిండా గుంటమగ్గమే. ఏం చేసేది డాక్టరమ్మా? మా అత్తకు కూడా చాన్నాళ్ళ దగ్గుంది, అది వయసు దగ్గని ఆమె అంటుంది. ఆయన మీద కోపంతో నేను ఇది రాయడం లేదు.
– జమ్మలమడుగు

జవాబు: అమ్మా, నీ ప్రశ్నకు 1959లోనే మద్రాసులో జవాబు దొరికింది. అప్పటికి స్ట్రెప్టోమైసిన్, పీఏఎస్, ఐసోనయాజిడ్ అనే క్షయ మందులు వచ్చేశాయి. బీద రోగులను చీట్లు వేసినట్టు రెండు గుంపులు చేశారు. ఒక గుంపును శానిటోరియంలో మంచి తిండి, విశ్రాంతితో పెట్టారు. రెండో గుంపు తమ ఇరుకిళ్ళలోనే ఉండి, చాలీచాలని తిండి తింటూ, పనికి పోతూ అవే మాత్రలు ఏడాది మింగింది. నయం కావడంలో పెద్ద తేడా రాలేదు. ఇంట్లో ఉన్న రోగుల కుటుంబాలకు జబ్బు ఎక్కువగా అంటిందా అని ఐదేళ్ళు గమనించారు. అదీ లేదు. ఎందుకంటే అంటేది ఎక్కువగా మందు మొదలుపెట్టక ముందే. మందు పడ్డాక కొద్ది వారాల్లోనే ఆ బలం తగ్గిపోతుంది. అర్ధ శతాబ్దం పాటు గాలికీ కొండకూ కట్టిన పేరు ఆ లెక్కతో దిగిపోయింది. ప్రపంచమంతా శానిటోరియంలు మూసుకుంటూ వచ్చింది.

కాబట్టి మీ ఆయన్ని ఎక్కడికీ పంపే పని లేదు. కంచం, చెంబు వేరు పెట్టడం వల్ల ఏ లాభమూ లేదు, కలిపేయండి. మొదటి రెండు మూడు వారాలు ఆయన పంచలోనో మిద్దె మీదో పడుకోనీ. మగ్గం గదికి కిటికీ ఉంటే మూయకుండా తీసిపెట్టు, లేకపోతే గవాచి మీద కప్పిన రేకు తీయించు. దగ్గేటప్పుడు నోటికి గుడ్డ. మందు ఆరు నెలలు. రెండో నెలకే ఒళ్ళు తేలికై, ఆకలి పుట్టి, "నాకేం జబ్బు" అని మానేస్తాడు మగవాడు. అక్కడే నువ్వు గట్టిగా ఉండాలి. మూత్రం ఎర్రగా వస్తే భయపడకు, అది మాత్ర రంగు. కళ్ళు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా మాత్రం ఆ రోజే డాక్టరు దగ్గరికి పోవాలి. సారాయి ముట్టకూడదు. ఒంట్లో బలం వచ్చాక మగ్గం ఎక్కొచ్చు.

మందు ఉచితం. తిండికి నెలకు వెయ్యి రూపాయలు బ్యాంకు ఖాతాలో వేస్తారు, 2024 నవంబరు దాకా అది ఐదొందలే. పేరు నమోదు చేసేటప్పుడు ఖాతా నంబరు ఇచ్చారో లేదో అడుగు. ఆ డబ్బు గుడ్లకు, శనక్కాయలకు, పప్పుకు పోవాలి, అప్పు వడ్డీకి కాదు. పిల్లలను ఆస్పత్రికి తీసుకుపోయి చూపించు, జబ్బు లేదని తేలితే ముందుజాగ్రత్త మందు ఇస్తారు.

ఇక మీ అత్త. వయసు దగ్గు అని ఒక జబ్బు నేను చదివిన పుస్తకాల్లో లేదు. రెండు వారాలు దాటిన దగ్గు ఎవరిదైనా కఫం పరీక్ష చేయించాల్సిందే. మీ ఆయనకు ఎక్కడినుంచి వచ్చిందో కూడా అప్పుడు తెలియొచ్చు. పొద్దున లేవగానే, నోరు పుక్కిలించి, ఆరుబయట నిలబడి, లోతుగా దగ్గి తీసిన కఫం డబ్బాలో పట్టించు. ఎంగిలి పనికిరాదు. ఆమె ఒప్పుకోకపోతే కొడుకు మందు తెచ్చుకోవడానికి తోడు రమ్మని బయల్దేరదియ్యి, అక్కడికి పోయాక సిస్టరమ్మ చూసుకుంటుంది.